లెక్కలోంచి జారిపోయే పిల్లలు

2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 28 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. 2019–21 నాటి ఐదో సర్వేకి అది 33 శాతానికి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ 31 శాతం దగ్గరే ఉంది. ఇలాంటి అంకెలు వచ్చినప్పుడు పెరిగిందా తగ్గిందా అని మాట్లాడుకుని ఆగిపోతాం. అడగాల్సింది ఇంకొకటి ఉంది. నాలుగో సర్వేలో గిడసబారినట్టు తేలిన ఆ పిల్లలు ఈరోజు ఎక్కడున్నారు? వాళ్లలో ఎందరు ఎత్తు అందుకున్నారు? ఎందరు బడిలో ఉన్నారు, ఎందరు మానేశారు?

ఆ సర్వే దగ్గర దీనికి జవాబు ఉండదు. ప్రతి విడతలోనూ కొత్త ఇళ్లను ఎంచుకుని, అప్పటి పరిస్థితిని రాసుకోవడమే దాని పని. రాష్ట్రం మొత్తం ఎలా ఉందో అది బాగానే చెబుతుంది, ఒక బిడ్డ ఎలా ఎదిగిందో మాత్రం చెప్పలేదు. చిన్నప్పటి పేదరికం తర్వాతి జీవితాన్ని ఏం చేస్తుందో తెలియాలంటే రెండు కావాలి: ఒకే బిడ్డను ఏళ్ల తరబడి వదలకుండా గమనించాలి, లెక్కలోంచి ఎవరూ జారిపోకుండా చూడాలి. మొదటి పని తెలుగు నేల మీద చాలా బాగా జరిగింది, ప్రపంచంలో కొద్ది చోట్లే అంత బాగా జరిగింది. రెండో పనికి కావలసిన కాగితాలన్నీ మన దగ్గర ఉన్నాయి, కానీ అవి ఒకదానితో ఒకటి కలవవు.

ఉప్మా తిన్న ఊళ్లు

చిన్నప్పటి లేమి నలభై, యాభై ఏళ్లకు గుండెలో బయటపడుతుందన్న ఆలోచనకు బలం వచ్చింది కొన్ని పాత రిజిస్టర్ల వల్ల. ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో 1911 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పుట్టిన ప్రతి బిడ్డ బరువు, ఏడాది నిండాక బరువు పుస్తకాల్లో రాసి పెట్టారు. దశాబ్దాల తర్వాత డేవిడ్ బార్కర్ బృందం వాటిని వెతికి పట్టుకుని మరణాల రికార్డులతో కలిపి చూసింది. 1989లో వాళ్లు అచ్చువేసిన ఫలితాల్లో 5,654 మంది మగవాళ్ల వివరాలున్నాయి. ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్నవాళ్లే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. తాము రాసిన అంకెలు ఎనభై ఏళ్ల తర్వాత ఇలా పనికొస్తాయని ఆ కార్యకర్తలకు తెలిసే అవకాశం లేదు.

కానీ ఆ రిజిస్టర్లు ఒక సంబంధాన్ని మాత్రమే చూపించాయి. తక్కువ బరువున్న బిడ్డకు తిండి పెడితే ఆ ముప్పు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి దొరికిన అరుదైన జవాబుల్లో ఒకటి హైదరాబాద్ పక్క పల్లెల నుంచి వచ్చింది.

1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గర 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. అప్పట్లో అంగన్‌వాడీల ద్వారా తల్లులకు, పిల్లలకు పోషకాహారం అందించే ఐసీడీఎస్ పథకం ఒక్కో ప్రాంతానికే విస్తరిస్తోంది. కొన్ని ఊళ్లకు అంగన్‌వాడీ వచ్చేసింది, కొన్ని ఇంకా ఎదురుచూస్తున్నాయి. అందుకే పోల్చి చూడడం కుదిరింది. 15 ఊళ్లలో గర్భిణులకు రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు అందేలా మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లు పోలికకు ఉన్నాయి. ముందు అనుకున్నదల్లా పుట్టిన బిడ్డ బరువు పెరుగుతుందా లేదా అని చూడటమే. అధ్యయనం ముగిసింది, కాగితాలు మిగిలాయి.

2003–05లో పరిశోధకులు ఆ ఊళ్లకు తిరిగి వెళ్లి అప్పటి పిల్లలను వెతికారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందికి పరీక్షలు చేశారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఎత్తుకన్నా ముఖ్యమైన సంగతి ఒంటి లోపల ఉంది. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో తక్కువ, రక్తనాళాల బిగుతు కూడా తక్కువ. అదనపు తిండి వల్ల కొవ్వు మాత్రం పెరగలేదు. సంజయ్ కిన్రా బృందం 2008లో ఈ ఫలితాలను ప్రచురించింది. తర్వాత ఇదే సమూహం మీద జరిగిన మరో విశ్లేషణలో ఆ ఊళ్ల పిల్లలు సగటున ముప్పావు తరగతికి పైగా ఎక్కువ చదివినట్టు తేలింది.

ఈ ఫలితం మీద అతిగా బరువు మోపకూడదు. ఏ ఊరికి తిండి అందాలన్నది చీటీలు తీసి నిర్ణయించలేదు. పదిహేనేళ్ల తర్వాత దొరికినవాళ్లకే పరీక్షలు జరిగాయి. వలస వెళ్లినవాళ్లు, పెళ్లై వేరే ఊరు పోయిన అమ్మాయిలు దొరకడం కష్టం. అయినా ఒక గిన్నె ఉప్మా జాడ పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించడం అంటే, అంగన్‌వాడీ సరుకు ఒక నెల ఆగిపోయిందన్న వార్తను చిన్న వార్తగా చదవడం ఇక కుదరదు.

ఏడు జిల్లాల మూడు వేల మంది

తెలుగు నేల మీద పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన రెండో అధ్యయనం ‘యంగ్ లైవ్స్’. ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాల్లో 12 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించే పనిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తోంది. భారత్ భాగమంతా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో 20 చోట్ల దాదాపు 3 వేల మంది పిల్లలను ఎంచుకున్నారు. వారిలో 2 వేల మంది 2001–02లో పుట్టినవాళ్లు, వెయ్యి మంది 1994–95లో పుట్టినవాళ్లు. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ సర్వే బాధ్యత చూసింది. పిల్లలతో, కుటుంబాలతో లోతుగా మాట్లాడే పనిలో తిరుపతి శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పాలుపంచుకుంది.

2002లో మొదటి విడత. తర్వాత 2006–07, 2009, 2013–14, 2016–17లో ఎన్యూమరేటర్లు మళ్లీ మళ్లీ అవే ఇళ్లకు వెళ్లారు. కోవిడ్ వచ్చాక ఇళ్లకు వెళ్లలేక ఫోన్ చేసి మాట్లాడారు. పదిహేనేళ్ల తర్వాత కూడా పది మందిలో తొమ్మిది మందికి పైగా అధ్యయనంలో ఉన్నారు. పనుల కోసం ఊరు మారుతూ ఉండే కుటుంబాల విషయంలో ఇది ఎంత కష్టమో పల్లెల్లో సర్వే పని చేసినవాళ్లకు తెలుసు. పాలమూరు నుంచి పనికి నగరాలకు పోయినవాళ్ల కొత్త చిరునామా పక్కింటివాళ్లను అడిగి తెలుసుకోవడం కూడా ఈ శాస్త్రంలో భాగమే.

ఈ ఓపికకు దక్కిన ఫలం మధ్యాహ్న భోజనం మీద జరిగిన అధ్యయనం. 2001–02లో పుట్టిన సమూహంలోని పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు రాష్ట్రాన్ని కరువు పట్టుకుంది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో వండిన భోజనం మొదలైంది. రెండో విడత సర్వే నాటికి ఈ పిల్లలకు ఐదేళ్లు అటూ ఇటూ. కొందరు బడిలో చేరి అన్నం తింటున్నారు, కొందరు ఇంకా చేరలేదు. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన వ్యాసంలో ఈ తేడాను వాడుకున్నారు. కరువు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లలకు బడి భోజనం పెద్ద మేలు చేసిందని, కరువు వల్ల ఎదుగుదలలో వచ్చిన నష్టాన్ని భర్తీ చేసిందని తేల్చారు.

జీవితంలో మొదటి వెయ్యి రోజులే కీలకం, ఆ తర్వాత చేసేదేమీ లేదన్న మాట మనకు బాగా అలవాటైపోయింది. మొదటి వెయ్యి రోజులు ముఖ్యమే. అయితే ఏడాది వయసులో గిడసబారి, ఎనిమిదేళ్లకల్లా కోలుకున్న పిల్లలు నాలుగు దేశాల్లోనూ కనిపించారు. అలా కోలుకున్నవాళ్లు, కోలుకోనివాళ్లకన్నా చదువులో మెరుగ్గా ఉన్నారు. ఒక్క సర్వే చేసి వదిలేస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అన్ని పథకాలూ ఒకేలా పనిచేయవని కూడా ఇదే సమాచారం చెప్పింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అపరాజిత దాస్‌గుప్తా యంగ్ లైవ్స్ సమాచారంతో దాన్ని పరిశీలించారు. ఈమధ్యే వచ్చిన కరువు దెబ్బ నుంచి పిల్లల ఎదుగుదలను పథకం కొంత కాపాడిందని, ఎప్పుడో జరిగిపోయిన నష్టాన్ని మాత్రం సరిదిద్దలేదని ఆమె విశ్లేషణ. పేదరికం మీద ఎక్కడ, ఏ వయసులో డబ్బు ఖర్చు చేయాలో చెప్పే సమాచారం ఇలా ఉంటుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. అధ్యయన ప్రాంతాలను పేద కుటుంబాలు ఎక్కువ ఉండేలా కావాలనే ఎంచుకున్నారు. కాబట్టి వచ్చిన సగటును రాష్ట్రం సగటు అనకూడదు. పైగా మూడు వేల మంది చాలనిపిస్తుంది కానీ, శ్రీకాకుళం జిల్లా గిరిజన బాలికలు అని ఒక చిన్న గుంపును విడదీసి చూడబోతే మిగిలేది కొద్దిమందే. అక్కడే మొత్తం జనాభా లెక్కలు కావలసి వస్తాయి.

అందరూ ఉన్న పట్టిక

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఆరోగ్య బీమా అందరికీ ఉంటుంది. కాబట్టి బీమా రిజిస్టర్‌లో దాదాపు ప్రతి మనిషీ ఉంటాడు. 1991లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఏర్పాటైన ఆరోగ్య విధాన కేంద్రం ఆస్పత్రి రికార్డులను బడి ఫలితాలతో, సంక్షేమ పథకాల వివరాలతో కలిపి చూస్తుంది. పేర్లు, చిరునామాలు తీసేసి, అసలు నంబర్ల స్థానంలో మారు నంబర్లు పెట్టాకే సమాచారం పరిశోధకులకు చేరుతుంది.

దీని వల్ల తెలిసిన ముఖ్యమైన విషయం భాగహారంలో కింద ఉండే అంకె గురించి. మానిటోబాలో పన్నెండో తరగతి పరీక్ష రాసినవాళ్లను మాత్రమే చూస్తే పేద, ధనిక ప్రాంతాల పిల్లల ఉత్తీర్ణతలో తేడా ఓ మోస్తరుగా కనిపించింది. ఆ ఏడాది పరీక్ష రాయాల్సిన వయసున్న పిల్లలందరినీ, అంటే వెనకబడినవాళ్లను, బడి మానేసినవాళ్లను, పరీక్షకు రానివాళ్లను కూడా కలిపి లెక్కిస్తే ఆ తేడా కొన్ని రెట్లు పెరిగింది. పేదరికం చేసిన నష్టంలో ఎక్కువ భాగం పరీక్ష హాలు బయటే జరిగిపోయింది.

మన పదో తరగతి ఫలితాలను ఈ వెలుగులో చూడాలి. ఏటా వేసవిలో ఏ జిల్లా ఎంత శాతంతో ముందుందో ప్రకటిస్తారు. ఆ శాతం పరీక్షకు కూర్చున్నవాళ్లలోంచి తీసినది. పదేళ్ల ముందు ఆ జిల్లాలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లోంచి తీస్తే ఏ జిల్లా ఎక్కడుంటుందో ఎవరూ ప్రకటించరు. ఇటుక బట్టీలకు తల్లిదండ్రుల వెంట వెళ్లి, తిరిగొచ్చేసరికి హాజరు పట్టీలో పేరు లేకుండా పోయిన బిడ్డ ఏ ఉత్తీర్ణత శాతంలోనూ ఫెయిల్ కాదు. అసలు లెక్కలోనే ఉండదు. పైగా 2011 తర్వాత జనగణన జరగకపోవడంతో, 2027 ఫిబ్రవరిలో జరగాల్సిన గణన నాటికి దాదాపు పదహారేళ్ల లోపు పిల్లలంతా మొదటిసారి జనాభా లెక్కల్లోకి వస్తారు. వాళ్లను ఎంతమందిలోంచి భాగించాలో ఇన్నాళ్లూ అంచనాలతోనే నెట్టుకొచ్చాం.

మానిటోబాలోనే ఇంకో ఉదాహరణ ఉంది, ఇది మరీ ఆసక్తికరం. 1974లో డాఫిన్ అనే చిన్న పట్టణంలో ఆదాయం ఒక స్థాయికన్నా తక్కువున్న కుటుంబాలకు నేరుగా డబ్బిచ్చే ప్రయోగం మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, ప్రయోగం ఆగిపోయింది, తుది నివేదిక కూడా రాలేదు. సర్వే కాగితాలు వందల పెట్టెల్లో గోదాములో ఉండిపోయాయి. దశాబ్దాల తర్వాత ఎవెలిన్ ఫర్జెట్ అనే ఆర్థికవేత్త ఆ పెట్టెలతో పని లేకుండానే జవాబు రాబట్టారు. ఆ ఏళ్లలో డాఫిన్‌లో ఉన్నవాళ్ల ఆస్పత్రి రికార్డులను, అలాంటి ఇతర ఊళ్లవాళ్ల రికార్డులతో పోల్చారు. ఆస్పత్రిలో చేరడం 8.5 శాతం తగ్గింది. పదకొండో తరగతితో ఆపేయకుండా పన్నెండుకు వెళ్లిన పిల్లలు ఆ ఏళ్లలో పెరిగారు. ప్రయోగం చేసినవాళ్లు వదిలేసినా, మామూలు పాలనలో భాగంగా రాసిన రికార్డులు సాక్ష్యం చెప్పాయి.

పేదరికమా, ఇంకేదైనానా?

లెక్కలో అందరూ ఉన్నంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. స్వీడన్‌లో 1989–93 మధ్య పుట్టిన 5 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులను ఆమిర్ సరియస్లాన్ బృందం పరిశీలించింది. అతి తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు కౌమారంలో హింసాత్మక నేరాలకు శిక్ష పడే అవకాశం, సంపన్న కుటుంబాల పిల్లలకన్నా ఏడు రెట్లు ఎక్కువ. కానీ ఒకే ఇంట్లో పుట్టి, ఒకరు ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, ఇంకొకరు కాస్త కుదుటపడ్డాక పెరిగిన తోబుట్టువులను పోలిస్తే ఆ తేడా మాయమైంది. 2014లో ఈ ఫలితం వచ్చాక పిల్లల భవిష్యత్తును నిర్ణయించేది ఆదాయం కాదని, కుటుంబంలోని ఇతర కారణాలని కొందరు వాదించారు.

ఆ వాదన తొందరపాటే. తోబుట్టువుల పోలికకు పనికొచ్చేది ఆదాయం మారిన ఇళ్లే. మొదటి బిడ్డ నుంచి చివరి బిడ్డ దాకా ఒకేలా పేదరికంలో ఉన్న ఇల్లు ఆ పోలికలో ఏమీ చెప్పలేదు. మనం పట్టించుకోవాల్సింది ఎక్కువగా అలాంటి ఇళ్లనే. పైగా స్వీడన్‌లో అట్టడుగు కుటుంబానికి కూడా ఉచిత బడి, వైద్యం, పిల్లల భత్యం ఉంటాయి. అక్కడి పేదరికం గురించిన ఫలితాన్ని తెచ్చి కూలి దొరకని రోజు పస్తుండే ఇంటికి అంటించడం సరికాదు. పొరుగునే ఉన్న నార్వేలో 1970లలో చమురు దొరికి కొన్ని ప్రాంతాల్లో ఆదాయాలు పెరిగాయి. అక్కడి రికార్డులను విశ్లేషించిన లోకెన్, మొగ్‌స్టాడ్, విస్వాల్ 2012లో చెప్పింది ఇదీ: పెరిగిన ఆదాయం పేద కుటుంబాల పిల్లల చదువుకు బాగా ఉపయోగపడింది, ఉన్నవాళ్ల పిల్లలకు పెద్దగా తేడా తేలేదు. అందరికీ కలిపి ఒకే సగటు తీస్తే ఈ సంగతి కనిపించదు.

మన దగ్గర ఉన్నవి

తెలుగు రాష్ట్రాల్లో పుట్టిన బిడ్డ చుట్టూ ఎన్ని రికార్డులు పోగవుతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గర్భిణిగా తల్లి పేరు నమోదవుతుంది. ఆస్పత్రిలో బిడ్డ బరువు రాస్తారు. టీకాలకు ఒక కార్డు. అంగన్‌వాడీ టీచర్ నెలనెలా తూకం వేసి, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కిస్తోంది. బడిలో చేరాక, బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ఒక నంబరు. జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ. ఇంటికి రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు. ఇవి ఒకే బిడ్డవని తెలుసుకునే దారి పరిశోధకుడికి లేదు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా మిగులుతుంది. అదే పేరుకు ఇంగ్లీషులో మూడు స్పెల్లింగులు. పుట్టినరోజు తెలియక బడిలో రాయించిన జూన్ 1 ఆధార్‌లోకీ ఎక్కుతుంది. ఈ తప్పులు అందరికీ సమానంగా జరగవు. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న బిడ్డ కాగితాలు సరిపోలతాయి, లేనివాళ్లవే తేడా వస్తాయి. కాబట్టి పేర్లు సరిపోలినవాళ్లనే తీసుకుని అధ్యయనం చేస్తే, ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నామో వాళ్లే తప్పిపోతారు.

రికార్డులను కలపడం తెలంగాణలో జరగలేదని కాదు. సమగ్ర వేదిక అనే వ్యవస్థ పేరు, చిరునామా వంటి వివరాలతో వేర్వేరు శాఖల రికార్డులను ఒకే మనిషికి జతచేస్తుంది. అది బిడ్డలు ఎలా ఎదుగుతున్నారో చూడటానికి వాడలేదు, రేషన్‌కు అనర్హులను ఏరడానికి వాడారు. ముందుగా నోటీసు కూడా లేకుండా లక్షల కార్డులు రద్దయ్యాయి. చివరికి 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశోధనలో ఒక రికార్డు తప్పుగా కలిస్తే సగటు కాస్త అటూ ఇటూ అవుతుంది. అదే తప్పు అర్హతల జాబితాలో జరిగితే ఒక ఇంటికి బియ్యం ఆగిపోతాయి.

ఇది జరిగాక, పిల్లల మేలు కోసమే రికార్డులు కలుపుతున్నామంటే జనం ఎందుకు నమ్మాలి? నమ్మాలంటే ఏర్పాటు వేరేగా ఉండాలి. కలిపే పని పథకాలు నడిపే శాఖల చేతిలో కాకుండా విడిగా ఒక సంస్థ చేతిలో ఉండాలి. పేర్లు తీసేసిన సమాచారమే బయటికి రావాలి. ఆ సమాచారాన్ని ఎవరి పేరునూ ఏ జాబితాలోంచీ తొలగించడానికి వాడకూడదని చట్టంలో రాయాలి. మానిటోబాలో 2001లో పేద గర్భిణులకు నెలకు 81 డాలర్ల దాకా ఎలాంటి షరతూ లేకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ డబ్బు వల్ల నెలలు నిండకుండా పుట్టే పిల్లలు, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారని 2016లో మార్నీ బ్రౌనెల్ బృందం చూపగలిగింది, అదీ ఏ తల్లి పేరూ బయటపడకుండానే.

2021లో పోషణ్ ట్రాకర్‌లో మొదటిసారి తూకం వేసిన పసిపిల్లలు 2026–27లో ఒకటో తరగతి వయసుకు వస్తున్నారు. బడులు విద్యార్థివారీగా వివరాలు నమోదు చేయడం 2022–23లోనే మొదలైంది కాబట్టి, పసితనంలో తీసిన బరువునూ బడిలోని చదువునూ ఒకే బిడ్డకు జతచేసి చూడగలిగే మొదటి తరం వీళ్లే. వీళ్లు పదో తరగతికి వచ్చేదాకా చూడాలంటే కావలసిన ఏర్పాటు ఈ రెండు మూడేళ్లలో మొదలవ్వాలి. ఆలస్యమైతే కొందరు ఊళ్లు మారతారు, కొందరు బడి మానేస్తారు, వాళ్లను మళ్లీ వెతకడం హైదరాబాద్ పక్క 29 ఊళ్లలో వెతికినంత కష్టమవుతుంది.